కరెంటుకూ ఒక వేళ ఉంది
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి వ్రాత రూపం)



ప్రతి ఏడూ ఈ సభలో పిల్లల చదువుల గురించి, పెండ్లి ఖర్చుల గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మీరు జన్మంతా కరెంటు స్తంభాల దగ్గరే గడిపిండ్రు గదా, ఆ కరెంటు గురించే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము ఉపన్యాసకులం కాము. మహబూబాబాదులో కొలువులో చేరి, జనగామలో చాలా ఏండ్లు పనిచేసి, భూపాలపల్లిలో పదవీ విరమణ చేసినవాళ్ళం. మేము అంటే మేమొక్కరమే కాదు, మాతోపాటు వానలో, ఎండలో స్తంభాలెక్కిన వాళ్ళందరినీ కలుపుకొని ఈ మాట అంటున్నాం. తప్పులుంటే పెద్దలు సరిదిద్దవలసిందిగా మనవి.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే సంగతి. ఇంట్లో కరెంటు ఎంత వాడినం అన్నది ఒక లెక్క. ఎప్పుడు వాడినం అన్నది రెండో లెక్క. ఇంతకాలం మన మీటరు మొదటి లెక్క మాత్రమే రాసింది. ఇకముందు వచ్చే మీటర్లు రెండూ రాస్తాయి. ఆ రెండో లెక్క ఏమిటో, దానివల్ల మన ఇంటికి లాభమేమిటో, నష్టమేమిటో ముందే తెలుసుకొని ఉంటే మంచిది.

మనందరికీ తెలిసిన దావత్ సంగతితో మొదలుపెడదాం. వలీమాకు మూడు వందల మందిని పిలిచినం అనుకోండి. వంద మందికి సరిపడే పళ్ళేలు, వంద మంది కూర్చునే చోటు ఉంటే చాలు. మొదటి బంతి లేచినాక రెండో బంతి, తరువాత మూడో బంతి. వంటలో తేడా లేదు, బిర్యానీ అంతే. కాని మూడు వందల మందీ ఒకేసారి వచ్చి కూర్చుంటామంటే ఏమవుతుంది? పళ్ళేలు మూడింతలు కావాలి, చోటు మూడింతలు కావాలి, వడ్డించేవాళ్ళు మూడింతలు కావాలి. ఆ ఒక్క గంట కోసం తెచ్చిన సామానంతా మిగతా రోజంతా ఊరికే పడి ఉంటుంది. దాని కిరాయి మాత్రం పిలిచినవాడి నెత్తినే పడుతుంది.

కరెంటు వ్యవహారం అచ్చంగా ఇదే. రాష్ట్రమంతా సాయంత్రం ఏడు గంటలకు ఒకేసారి స్విచ్చులు వేస్తే, ఆ ఒక్క వేళ కోసం అదనపు కేంద్రాలు, అదనపు తీగలు, అదనపు ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. వాటి ఖర్చు చివరికి యూనిటు ధరలోకే వస్తుంది.

దావత్‌కూ కరెంటుకూ ఒక భేదం ఉంది. వండిన అన్నం గంటసేపు మూతపెట్టి ఉంచవచ్చు. కరెంటును అట్లా ఉంచలేం. అస్సలు దాచలేమని కాదు. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో 900 మెగావాట్ల యంత్రాలున్నాయి. అవి అవసరమైనప్పుడు కరెంటు తీసుకొని కిందినీళ్ళను మళ్ళీ పైకి ఎక్కించగలవు, తరువాత ఆ నీళ్ళనే దించి కరెంటు ఇవ్వగలవు. పెద్ద పెద్ద బ్యాటరీలు కూడా ఇప్పుడు వస్తున్నాయి. అయినా మనం వాడే దాంట్లో చాలా భాగం ఆ క్షణాన పుట్టి ఆ క్షణాన ఖర్చయ్యేదే.

అందువల్ల పుట్టేదీ వాడేదీ ఎప్పుడూ సరితూగుతూ ఉండాలి. కావడి మోసేవానికి రెండు వైపులా బరువు సమంగా ఉన్నట్టు. మన దేశంలో ఆ సమతూకానికి గుర్తు సెకనుకు 50 ఆవృత్తులు. వాడకం ఎక్కువై ఉత్పత్తి తక్కువైతే ఆ అంకె 50 కన్నా పడిపోతుంది. వాడకం తగ్గి ఉత్పత్తి మిగిలితే పైకి పోతుంది. మరీ పడిపోతే తీగలు తమంతట తామే తెగినట్టు విడిపోతాయి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పటికి దక్షిణాది తీగల వలయం ఆ వలయంతో ఒకే తాళంలో కలవలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య లైనుతో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే కావడి. భూపాలపల్లిలో ఉత్పత్తి అయినా, కాశ్మీరులో వాడకం అయినా, ఒకే తూకంలో పడతాయి.

"మా ఇంట్ల ఒక్క బుగ్గ వేసినా ఆర్పినా దేశానికి ఏమవుతది?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 2020 ఏప్రిల్ 5 రాత్రి దొరికింది. కరోనా రోజులు. రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాల పాటు ఇళ్ళలో దీపాలు ఆర్పమని దేశ ప్రజలను ప్రధానమంత్రి కోరారు. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఆపమనలేదు, దీపాలే. అయినా ఆ కొద్దిసేపట్లో దేశం మొత్తం వాడకం 31 వేల మెగావాట్లకు పైగా తగ్గిపోయింది. మన చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం రెండు యూనిట్లూ కలిపి 1,100 మెగావాట్లు. అంటే అటువంటి కేంద్రాలు ఇరవై ఎనిమిది ఒక్కసారి ఆపినంత పని. అది చేసింది కర్మాగారాలు కాదు, మన వంటి మామూలు ఇండ్లు. ఆ రాత్రి కావడి తప్పకుండా నిలబెట్టడానికి నీటి కేంద్రాలను గబగబా తగ్గించి, మళ్ళీ గబగబా పెంచవలసి వచ్చింది. ఇల్లు చిన్నదే. ఇండ్లన్నీ కలిస్తే మాత్రం చిన్నవి కావని ఆ రాత్రి తేలిపోయింది.

ఇక మా కొలువులో చూసిన సంగతులు చెబుతాం.

జనగామ వైపు నీటికి కరువున్న నేల. బోరు మీద బోరు వేసి బతికిన రైతులు. ఒకప్పుడు పొలాలకు కరెంటు కొన్ని గంటలే, అదీ వంతుల వారీగా వచ్చేది. అర్ధరాత్రి వచ్చినా లేచి పోవలసిందే. ఆ బాధ పడలేక రైతులు మోటర్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే మొదలవుతుంది. రైతు తప్పేమీ లేదు, పాములున్న చీకట్లో ఎవరు పోతారు? కాని ఫలితం ఏమైంది? లైను ఎక్కీ ఎక్కగానే ఫీడరు మీది మోటర్లన్నీ ఒక్క క్షణాన లేచేవి. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలుగా తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. ఫ్యూజులు పోయేవి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలేవి, కాలిన దాన్ని ట్రాక్టరు మీద వేసుకొని రైతులే మోసుకొచ్చేవారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది ఇందుకే. కరెంటు ఎంత ఉన్నా, అందరం ఒకే క్షణాన మీద పడితే నిలవదు.

పొలంలో జరిగిందే ఇంట్లోనూ జరుగుతుంది. 2019 మే నెల, రంజాన్. ఊరు పేరు, బస్తీ పేరు చెప్పము, ఈ మూడు జిల్లాల్లోదే. ఎండ మండిపోతున్నది. సరిగ్గా ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు బస్తీలో కరెంటు పోయింది. ఫ్యూజు వేశారు. ఐదు నిమిషాల్లో మళ్ళీ పోయింది. మూడోసారి కూడా అంతే. జనం గుమిగూడారు. స్తంభం మీద ఉన్న పిల్లవాడు, కొత్తగా చేరిన లైన్‌మన్, అతనూ రోజా ఉన్నవాడే. కింద నుంచి తిట్లు. "కావాలనే తీస్తున్నరు" అని ఒకరు, "మన బస్తీకే ఇట్లయితది" అని ఇంకొకరు. పక్క ఇంట్లో ఒక ముసలాయన దమ్ము రోగి. ఆయనకు ఆవిరిమందు పెట్టే యంత్రం ఆగిపోయింది. ఆయన కొడలు గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నది.

అప్పుడు గోడ పక్కన కూర్చున్న ఒక ఖాలా లేచి అన్న మాట మాకు ఇంకా చెవుల్లోనే ఉంది. "బేటా, మా ఇంట్ల బోరు మోటరు నడుస్తున్నది. పక్కింట్ల నడుస్తున్నది. ఎదురింట్ల ఏసీ, మోటరు, మిక్సీ అన్నీ నడుస్తున్నయి. ఆ పోరడు పైన ఏం జేస్తడు? ముందుగాల అందరు పోయి మోటర్లు బందు పెట్టండ్రి." జనం నిశ్శబ్దమయ్యారు. నలుగురు కుర్రవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి మోటర్లు ఆపించారు. నాలుగోసారి వేసిన ఫ్యూజు నిలిచింది. ముసలాయన యంత్రం నడిచింది.

మరునాడు మేము కాగితం మీద లెక్క వేసి బస్తీ పెద్దలకు చూపించాం. వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు అంటే సుమారు 90 కిలోవాట్లు మోయగలదు. దాని కింద 80 ఇండ్లు అనుకుందాం. దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిపి ఇంటికి అర కిలోవాటు, మొత్తం 40. ముప్పై ఇండ్లలో ఏసీలు, ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోవాటు, మొత్తం 45. ఇరవై కూలర్లు కలిపి 4. అయ్యింది 89. అంచు దాకా నిండిన కుండ. అప్పుడు పది ఇండ్లవారు ఒక్క హెచ్‌పీ బోరు మోటర్లు వేశారు, ఏడున్నర కిలోవాట్లు. కుండ పొర్లింది. ఏసీలు ఆ వేళ ఆపమనలేం, ఫ్యాన్లు ఆపమనలేం. మోటరు నింపేది పైన టాంకు. అది మధ్యాహ్నం రెండు గంటలకు నింపినా సాయంత్రానికి నీళ్ళు అవే. బస్తీ పెద్దలు అందరినీ కూర్చోబెట్టి, గల్లీ కుడివైపు ఇండ్లు పగలు పన్నెండు నుంచి రెండు దాకా, ఎడమవైపు ఇండ్లు రెండు నుంచి నాలుగు దాకా మోటర్లు వేసుకోవాలని కట్టుబాటు చేశారు. మసీదు వజూ టాంకు కూడా జుహర్ నమాజు కాగానే నింపాలన్నారు. ఆ నెలంతా ఆ బస్తీలో ఇఫ్తార్ వేళ ఫ్యూజు పోలేదు.

ఆ బస్తీ వారికి స్మార్ట్ గ్రిడ్ అన్న మాటే తెలియదు. కాని వాళ్ళు చేసింది అదే. నలుగురు కుర్రవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చేసిన పనిని, తీగల వెంట వార్తలు పంపించి యంత్రాలతో చేయించడమే ఈ స్మార్ట్ గ్రిడ్. ఎక్కడ బరువు ఎక్కువవుతున్నదో కార్యాలయానికి తెలియడం, ఏ వేళ కరెంటు చవకో ఇంటికి తెలియడం, మారిన వాడకాన్ని మీటరు రాయడం. హైదరాబాదు జీడిమెట్లలో ఈ పద్ధతిని పరీక్షగా పెట్టి చూశారు.

స్మార్ట్ మీటరుకూ మామూలు మీటరుకూ తేడా ఏమిటంటే, మామూలు మీటరును చూడటానికి నెలకోసారి మనిషి రావాలి. స్మార్ట్ మీటరు కొద్ది నిమిషాలకోసారి తన లెక్క రాసుకొని తానే పంపిస్తుంది. కరెంటు పోతే ఆ సంగతీ పంపిస్తుంది. మీ ఇల్లు పొద్దున ఎంత వాడింది, రాత్రి ఎంత వాడింది విడివిడిగా తెలుస్తుంది.

ఇప్పుడు ధరల సంగతి. పెద్ద పరిశ్రమలకు మన రాష్ట్రంలో వేళను బట్టి ధర ఇదివరకే ఉంది. పొద్దున 6 నుంచి 10 దాకా, సాయంత్రం 6 నుంచి 10 దాకా యూనిటుకు రూపాయి అదనం. రాత్రి 10 దాటాక తెల్లారి 6 దాకా తగ్గింపు. ఇది ఇండ్లదాకా రావలసి ఉందని కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో వినియోగదారుల హక్కుల నియమాలను సవరించినప్పుడు రాసింది. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 కల్లా ఈ పద్ధతి ఉండాలని, స్మార్ట్ మీటరు పెట్టిన ఇంటికి వెంటనే వర్తించాలని అందులో ఉంది. రోజుకు ఎనిమిది గంటలు ఎండ గంటలు. ఆ గంటల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. రద్దీ గంటల్లో ఇండ్లకు మామూలు ధరకు 1.1 రెట్లకు తగ్గకూడదు. ఉదాహరణకు మామూలు ధర ఐదు రూపాయలనుకుంటే, పగటి ఎండలో నాలుగు రూపాయలు, సాయంత్రం రద్దీలో ఐదున్నర. ఏ రాష్ట్రంలో ఏ గంటలు, ఎంత ధర అన్నది ఆ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది.

పెద్దవారికి ఒక సందేహం రావచ్చు. మనం చిన్నప్పటినుంచీ రాత్రి కరెంటే చవక అని వింటూ వచ్చాం గదా, ఇప్పుడు పగలంటారేమిటి? కారణం సూర్యుడు. బొగ్గు కేంద్రాన్ని గంటగంటకూ ఆపి లేపలేరు, కనుక రాత్రి మిగిలిన కరెంటు చవకగా ఇచ్చేవారు. ఈ పదేండ్లలో ఎండతో పుట్టే కరెంటు బాగా పెరిగింది. పగలు పదకొండు నుంచి మూడు దాకా అది దండిగా ఉంటుంది, పొద్దు గూకగానే ఒక్కసారి మాయమవుతుంది. సరిగ్గా అదే వేళకు మనం దీపాలు వేస్తాం, పొయ్యి వెలిగిస్తాం, పిల్లలు టీవీ పెడతారు. ఆ ఖాళీ నింపడానికి చెల్పూరు బాయిలర్లు బిగించి మండాలి.

భూపాలపల్లిలో ఉన్నవాళ్ళకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. సింగరేణి గనుల్లో దిగేది మీ ఇంటివాళ్ళే. చెల్పూరు మొదటి యూనిటు 500 మెగావాట్లు, రెండోది 600 మెగావాట్లు. ఆ పొగగొట్టాల నీడలో బతుకుతున్నవాళ్ళకు సాయంత్రం రద్దీ అంటే మరింత బొగ్గు, మరింత బూడిద అని తెలుసు. మనం సాయంత్రం ఆపిన ఒక ఇస్త్రీ పెట్టె ఆ బూడిదలో పిడికెడు తగ్గిస్తుంది.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. "వేళ మార్చుకోండి" అనడం సులువు. మార్చుకోగల స్తోమత అందరికీ ఉండదు. గనిలో షిఫ్టుకు పోయే మనిషి ఇల్లాలు తెల్లవారుజామున లేచి వండి డబ్బా కట్టాలి. ఆ వంట మధ్యాహ్నానికి మార్చమంటే ఎట్లా? పగలంతా కూలికి పోయి సాయంత్రం ఇల్లు చేరే మహబూబాబాదు తండాల తల్లి ఎండ గంటల్లో ఇంట్లోనే ఉండదు. రోజా విడిచే వేళ సూర్యుడిది, మనది కాదు. ఇఫ్తార్ వంటను ఎవరూ జరపలేరు. చవక వేళ వాడుకునేది పగలు ఇంట్లో పనిమనిషి ఉన్నవాళ్ళు, తనంతట తాను మొదలయ్యే యంత్రం ఉన్నవాళ్ళు. రద్దీ ధర కట్టేది మాత్రం కష్టజీవి. కాబట్టి ధరలు నిర్ణయించే ముందు నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టినప్పుడు మన సంఘం తరఫున ఈ సంగతి రాసి పంపాలి. తక్కువ వాడే ఇంటికి రద్దీ ధర నుంచి మినహాయింపు అడగడం న్యాయం. రోగి యంత్రం మీద బతుకుతున్న ఇంటికి కరెంటు తెంచకూడదని అడగడం ఇంకా న్యాయం.

మరి ఇంతలో మనం చేయగలిగింది ఏమిటి? ముందు మొదటి లెక్క, అంటే ఎంత వాడినం అన్నది చూద్దాం. ఈ లెక్క ఇవాళే మన జేబుకు తగులుతున్నది.

2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల పట్టికలో, నెలకు 100 దాటి 200 యూనిట్ల దాకా వాడిన ఇంటికి మొదటి వంద యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, తరువాతి వంద 4 రూపాయల 80 పైసల చొప్పున. 200 యూనిట్లకు 820 రూపాయలు. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే పట్టికే మారుతుంది. మొదటి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, ఆ ఒక్క యూనిటుకు 7 రూపాయల 70 పైసలు, వెరసి 1,027 రూపాయల 70 పైసలు. మిగతా చార్జీలు వేరే. ఒక్క యూనిటు మీద 207 రూపాయల 70 పైసలు తేడా! ఇక 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డు ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. గీత దాటితే ఆ నెల బిల్లంతా కట్టవలసిందే. సున్నాకూ వెయ్యికీ మధ్య ఉన్నది ఒక్క యూనిటు. ఒక ఇస్త్రీ పెట్టె ఒక గంట.

మేము ఒక ఇంట్లో చూశాం. మిషను కుట్టి పిల్లలను చదివించుకుంటున్న ఒక ఆపా. బిల్లు 200 దాటిన నెల, "నా మిషను వల్లనే అయ్యింది" అని రాత్రులు కుట్టడం మానుకొన్నది. మేము కూర్చొని లెక్క కట్టాం. కుట్టు మిషను మోటరు వంద వాట్లు. రోజుకు ఐదు గంటలు కుట్టినా అర యూనిటు, నెలకు 15 యూనిట్లు. ఇంట్లో నాలుగు పాత ఫ్యాన్లున్నాయి. ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకు పదిహేను గంటలు తిరిగితే నాలుగూ కలిపి నెలకు 135 యూనిట్లు. ఫ్యాన్లు తినేది కనబడక, అన్నం పెట్టే మిషనును నిందించుకొన్నది. ఇప్పుడు 30 వాట్లతో తిరిగే కొత్తరకం ఫ్యాన్లు వచ్చాయి, బీఎల్‌డీసీ అంటారు. నాలుగూ మారిస్తే అదే గాలికి 54 యూనిట్లు చాలు. నెలకు 81 యూనిట్లు మిగులు. ధర మామూలు ఫ్యాను కన్నా ఎక్కువే, కాబట్టి ఎక్కువ సేపు తిరిగేదాన్ని ముందు మార్చండి, ఏడుకొకటి చొప్పున మార్చినా ఫరవాలేదు.

ఇందులో ఒక పాఠం ఉంది. పిల్లవాడు సెల్‌ఫోను చార్జింగు పెట్టినందుకు, ఆడపిల్ల చదువుకోవడానికి దీపం వేసినందుకు తిట్టకండి. ఇవాళ్టి ఎల్ఈడీ బుగ్గ తొమ్మిది వాట్లు. అది నూరు గంటలు వెలిగినా ఒక యూనిటు కాదు. కరెంటు తినేవి మూడే. వేడి పుట్టించేది, చలవ పుట్టించేది, మోటరు తిప్పేది. గీజరు, ఇస్త్రీ, ఇండక్షను పొయ్యి ఒకవైపు, ఏసీ, ఫ్రిజ్ ఇంకోవైపు, బోరు మోటరు మూడోవైపు. వీటిని కాపలా కాస్తే చాలు. దీపం కింద చదువు సాగనివ్వండి.

ఇక వేళ లెక్క. ప్రతి ఇంట్లో మూడు రకాల పనులుంటాయి. మొదటివి జరపలేనివి: వంట, దీపం, ఫ్యాను, రోగి యంత్రం, ఇంట్లో జీవనోపాధి. వాటి జోలికి పోవద్దు. రెండోవి సులువుగా జరపగలిగేవి: టాంకు నింపడం, బట్టల మిషను, ఇస్త్రీ, దోసెల పిండి రుబ్బడం, ఇన్వర్టరు చార్జింగు. వీటిని పగటికి తెచ్చుకోండి. ఆదివారం మధ్యాహ్నం వారం బట్టలకంతా ఒకేసారి ఇస్త్రీ చేసుకుంటే, పెట్టె పదిసార్లు వేడెక్కే ఖర్చూ తగ్గుతుంది. మూడోవి కొంచెం సర్దుకోగలిగేవి. ఏసీ ఉన్న ఇల్లు 18 మీద పెట్టి దుప్పటి కప్పుకొనే బదులు 24 మీద పెట్టి ఫ్యాను వేసుకోవచ్చు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని లెక్క. 2020 నుంచి స్టారు గుర్తున్న ఏసీలు 24 మీదనే మొదలయ్యేట్టు చేశారు కూడా.

2025 మార్చిలో రాష్ట్రంలో ఒకే సమయంలో వాడకం 17 వేల మెగావాట్లు దాటింది. యాసంగి పొలాల మోటర్ల పాలు అందులో పెద్దది, ఎండ, ఇండ్లు దానికి తోడు. ఆ నెలంతా మనకు రంజాన్. సహరీ వేళ మన ఇండ్లలో దీపాలు వెలిగినప్పుడు మిగతా ఊరు నిద్రలో ఉంటుంది, అప్పుడు భారమేమీ లేదు. ఇఫ్తార్ వేళకు మాత్రం ఊరంతా మేలుకొని ఉంటుంది. కాబట్టి పప్పు రుబ్బేది, షర్బత్‌కు ఐసు పెట్టేది, నీళ్ళు ఎక్కించేది అసర్‌కు ముందే ముగించుకుంటే సగం బరువు దించినట్టే. నీళ్ళ విషయంలో మన పెద్దలు నేర్పిన పొదుపు తీగల్లో వచ్చేదానికీ వర్తిస్తుంది.

చివరగా స్మార్ట్ మీటరు మీ గడపకు వచ్చిననాడు ఏం చేయాలి? భయపడి తలుపు వేయవద్దు, చూడకుండా సంతకం పెట్టవద్దు. పాత మీటరు ఆఖరు రీడింగు ఫోటో తీసి ఉంచుకోండి. వెనుకటి పన్నెండు నెలల బిల్లులు ఒక సంచిలో దాచుకోండి, కొత్త బిల్లును పాతదానితో పోల్చి చూడటానికి అదే ఆధారం. కొత్త మీటరు చూపించిన గరిష్ఠ డిమాండును పట్టుకొని, అది పెట్టక ముందటి కాలానికి జరిమానా వేయరాదని 2023 సవరణలోనే రాసి ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి. ముందుగా డబ్బు కట్టే పద్ధతి వస్తే, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ ఖాతా సంగతి పక్కింటివారు చూడాలి. మీటరు ఇల్లు ఎప్పుడు మేలుకొన్నదో, ఎప్పుడు తాళం వేసి ఉన్నదో కూడా చెప్పగలదు. ఆ లెక్కలు ఎవరి చేతిలో ఉంటాయి, ఎంతకాలం ఉంచుతారు అని అడిగే హక్కు మనకుంది. అడగడం గొడవ పెట్టుకోవడం కాదు.

మన సంఘానికి మా మనవి మూడు మాటలు. ఒకటి, మూడు ఊళ్ళలోనూ ఇద్దరిద్దరు చదువుకున్న పిల్లలను, తప్పకుండా ఒక ఆడపిల్లను కలిపి, ఇల్లిల్లూ బిల్లు చదివి చెప్పడానికి పెట్టండి. రెండు, రోగి యంత్రాలున్న ఇండ్ల జాబితా తయారుచేసి మన సరఫరా కార్యాలయంలో ఇవ్వండి. మూడు, వేసవికి ముందు ప్రతి బస్తీలో ఒక సాయంత్రం కూర్చొని మోటర్ల వంతులు పెట్టుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆ ఇఫ్తార్ రాత్రి స్తంభం మీద ఉన్న పిల్లవాని మాట చెప్పి సెలవు తీసుకుంటాం. కరెంటు నిలిచాక అతను దిగి వచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి. పొద్దు గూకి చాలాసేపయింది, అతను ఇంకా రోజా విడువలేదు. తిట్టిన జనమే ఖర్జూరాలు, నీళ్ళు పట్టుకొని నిలబడ్డారు. అతను ముందుగా ఆ ముసలాయన ఇంటి వైపు చూసి, "యంత్రం నడుస్తున్నదా?" అని అడిగాడు. నడుస్తున్నది అని చెప్పిన తరువాతనే ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాడు.

తీగకు ఈ చివర మనం ఉన్నాం, ఆ చివర గనిలో ఒక మనిషి, నడుమ స్తంభం మీద ఒక మనిషి ఉన్నాడు. మనం స్విచ్చు వేసే వేళను కొంచెం చూసుకుంటే ఆ ఇద్దరి భారం కొంచెం తగ్గుతుంది, పక్కింటి రోగి ఊపిరి నిలుస్తుంది.